నలుగురు అప్పన్నల ఓడ

సుంగై సుమున్ నుంచి తెలుక్ ఆన్సన్ వెళ్ళే మొదటి బస్సు ఉదయం ఆరింటికి వస్తుందని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డు రాసినవాడు ఆ బస్సు కోసం ఎన్నడూ నిలబడి ఉండడు. మాకు అది ఆరూ ఇరవైకి దొరికింది. మెర్దేకా పండుగ అయి మూడు వారాలైంది. రోడ్డు మలుపులో మా తోటవాళ్ళు కట్టిన కొబ్బరాకుల తోరణం ఎండి గోధుమరంగుకు తిరిగింది. దానికి గుచ్చిన కాగితపు జెండాలు వానకి తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మలాయ్ దేశానికి స్వతంత్రం వచ్చింది గాని మా కూలి లైన్ల చుట్టూ ఉన్న ముళ్ళకంచె మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. పొద్దున్న గేటు తీసేదాకా తోటలోంచి కోడి కూడా బయటికి రాకూడదు.

"మాకు" అన్నాను కదా, ఆ రెండో మనిషి పైడయ్య మేస్త్రీ. మా కొబ్బరి తోటలో నలభై మందిని పనిలో నిలబెట్టే మనిషి. నేను అదే తోటలో లారీ తోలుతాను. ఎండుకొబ్బరి బస్తాలు హుటాన్ మెలింటాంగ్ రేవుకి చేరవేయడం నా పని. మూడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, పేరు మాత్రం గురువులు. మా అమ్మకి ఆశ ఎక్కువ.

మేస్త్రీ కూతురు గౌరిని చేసుకోవాలని నాకూ, నన్ను చేసుకోవాలని గౌరికీ ఏడాదిగా ఉంది. మేస్త్రీకి నా మీద కోపమేమీ లేదు. ఆయన అడిగింది ఒక్కటే: నా ఇంటిపేరేమిటని. ఆయనది సూరాడ. ఇంటిపేరు ఒకటైతే మనలో అన్నదమ్ముల బిడ్డలే. మధ్యలో సముద్రమున్నా, వందేళ్ళున్నా ఆ పిల్ల చెల్లెలే. నాది సూరాడ కాదని తేలితే పిల్లనిస్తాడు. తేలకపోతే ఇవ్వడు.

మరి నాది ఏమిటో నాకే తెలియదు. మా అయ్య తెరచాప ఓడలో కళాసీగా పనిచేస్తూ పినాంగులో దిగిపోయిన మనిషి. తోట ఆఫీసులో ఆయన్ని "కోరంగి అప్పన్న" అని రాసుకున్నారు. కోరంగి అనేది ఓడ బయల్దేరిన రేవు. ఈ దేశంలో తెలుగువాడెవడు కనబడినా కోరంగి అనే పిలిచేవారు. ఆ లెక్కన మేస్త్రీ కోరంగే, గౌరీ కోరంగే, మా తోటలో తెలుగు మాట్లాడే మేక ఉంటే అదీ కోరంగే. జపాను వాళ్ళ కాలంలో అయ్యని సయాం రైలు పనికి పట్టుకుపోయారు, తిరిగి రాలేదు. మరుసటేడు అమ్మ పోయింది. మా ఇంటిపేరు తెలిసినవాళ్ళు ఆ ఇద్దరే.

ఇలా ఉండగా, పినాంగు నుంచి మా రేవుకి సరుకు తెచ్చిన ఒక తమిళ డ్రైవరు ఒక మాట చెప్పాడు. పినాంగు ఒడ్డున టార్పాలిన్లు కుట్టే చిట్టగాంగు ముసలాయన ఒకడున్నాడట. తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆ మనిషి చెయ్యి పట్టుకుని "కోరంగి అప్పన్న ఎరికా?" అని అడుగుతాడట. ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడట. ఆ సంగతి గౌరికి చెప్పాను. "మరింకా ఇక్కడ నిలబడి నాకేటి సెప్తన్నావు?" అంది.

మేస్త్రీ తానూ వస్తానన్నాడు. నా నోటిమాట మీద ఆయన కోడిని కూడా అమ్మడట. ఆయన్ని ఏమని పిలవాలో అప్పటికి తేలలేదు. మామా అంటే తొందరపాటు. బాబాయ్ అంటే గౌరి నాకు చెల్లెలైపోతుంది. అందుకని ఏ వావికీ తగలకుండా మేస్త్రీ అనే అంటూ బయల్దేరాను.

గౌరి వాళ్ళమ్మ దారికని పులిహోర కట్టి ఇచ్చింది. తోట బయట రోడ్డు మీద బస్సు ఆపి పోలీసులు సోదా చేస్తారని ఆవిడకి తెలుసు. వండిన అన్నం కూడా దాటనివ్వరన్న సంగతి తల్లిప్రేమలో మరిచిపోయింది. అన్నం మూట దాటితే అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళకి చేరుతుందని ప్రభుత్వం భయం. మూట విప్పి చూసిన మలాయ్ కానిస్టేబుల్ మంచివాడు, పారేయించలేదు. ఇక్కడే తినేయండి, కడుపులో పెట్టుకుని ఎంతైనా తీసుకుపోవచ్చు, దానికి చట్టం లేదన్నాడు. బస్సు ఆగే ఉంది. నలభై మంది చూస్తుండగా మేస్త్రీ, నేను రోడ్డు పక్కన నిలబడి మధ్యాహ్న భోజనం ఉదయం ఆరూ ముప్పావుకి పూర్తిచేశాం. కానిస్టేబుల్‌కి కూడా ఒక ముద్ద పెట్టాం. వేరుశెనగ గింజలు బాగున్నాయన్నాడు. మీరెవరైనా ఇటు ప్రయాణం పెట్టుకుంటే ఖాళీ చేతులతో, ఖాళీ కడుపుతో రండి. ఆ రెండిటినీ ఎవరూ సోదా చెయ్యరు.

ఎనిమిదింటికి తెలుక్ ఆన్సన్. అక్కడి గడియారపు గోపురం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మేస్త్రీ దాన్ని మొదటిసారి చూశాడు. మెడ ఒక పక్కకి వంచి టైము చూసి, మా గాంగులో ఇలాంటి గోడ కడితే జీతం కోసేవాణ్ణని గొణిగాడు. స్టేషన్‌లో మూడో తరగతి టిక్కెట్లు తీసుకున్నాం. నా టిక్కెట్టు నేను, ఆయన టిక్కెట్టు ఆయన. సంబంధం తేలేదాకా ఒకరి సొమ్ము ఒకరం తినకూడదని ఆయన నియమం. చిన్న బండి ఎక్కి తాపా రోడ్ చేరి, అక్కడ ఉత్తరానికి వెళ్ళే పెద్ద బండి పట్టుకున్నాం. మా బండికి ముందు ఒక చిన్న ఇనప బండి పరిగెత్తుతూ ఉండేది. పట్టాల మీద ఎవరైనా ఏదైనా పెడితే ముందు దానికి తగలాలట. మేస్త్రీ కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చున్నాడు, నేను మేస్త్రీని చూస్తూ కూర్చున్నాను. అడవే కాస్త మెత్తగా ఉంది.

ఈపోలో బండి చాలాసేపు ఆగింది. అక్కడ ఎక్కిన ఒక చీనా ఆవిడ మా ఎదురుగా కూర్చుని, ఒళ్ళో పంపరపనస పెట్టుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఒలిచిన తొనల్లో మొదటివి మాకే ఇచ్చింది. తండ్రీకొడుకులా అని మలాయ్‌లో అడిగింది. మేస్త్రీ తొన నములుతూ, ఇంకా ఏమీ కాలేదన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు గాని మరో రెండు తొనలిచ్చింది. ఉదయం నుంచి ఆయన చెప్పిన మాటల్లో నాకు ఆ "ఇంకా" ఒక్కటే నచ్చింది. తైపింగ్ వరకూ దాన్నే చప్పరిస్తూ కూర్చున్నాను. తైపింగ్‌లో వాన పడుతోంది. అక్కడ ఎప్పుడూ పడుతూనే ఉంటుందట.

సాయంత్రం అయిదున్నరకి ప్రాయ్. అక్కడ రైలు దిగి ఫెర్రీ ఎక్కాలి. ఆరేళ్ళ వయసులో భీమిలి నుంచి తల్లి ఒళ్ళో స్టీమరు మీద ఈ దేశం వచ్చాక మేస్త్రీ మళ్ళీ సముద్రం ఎక్కలేదు. కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అవతలి ఒడ్డున గడియారం పెట్టిన పెద్ద తెల్లటి రైల్వే స్టేషన్ ఉంది. దానికి టిక్కెట్ల గది ఉంది, ఆఫీసర్లున్నారు, బంట్రోతులున్నారు. పట్టాలు లేవు, రైలూ లేదు. రైలు ఈ ఒడ్డునే ఉంటుంది, స్టేషన్ ఆ ఒడ్డున ఉంటుంది. నాకు ఆ స్టేషన్ మీద జాలేసింది. ఇంటిపేరు ఉండి మనిషి లేనట్టుంది దాని సంగతి. నాది తిరగేసిన కేసు.

రాత్రికి ఒక సత్రంలో పడుకున్నాం. చాపకి అరడాలరు, దోమలు ఉచితం. పొద్దున్నే ఏడింటికి కాఫీ కొట్లో రొట్టె, మెత్తగా ఉడికించిన గుడ్లు తిని ఒడ్డు వెంబడి నడిచాం. పినాంగు రేవులో తెరచాప ఓడలు ఇంకా ఉన్నాయని నాకు తెలియదు. సుమత్రా నుంచి మిరియాలు తెచ్చిన ఆచే వాళ్ళ పడవలు, ముక్కు పైకెత్తుకు నిలబడ్డ బుగీసు జాతి వాళ్ళ పడవలు, పొట్ట దించుకుపోయిన చీనా వాళ్ళ తొంకాంగు సరుకు పడవలు. ఒక్కో దాని మీద ఒక్కో వంట వాసన. కళ్ళు మూసుకుని నడిచినా ఏ దేశం పక్కన ఉన్నామో ముక్కు చెప్పేస్తుంది.

ఓడసామాన్ల కొట్టు ఒకటి చూసి అడిగాం. చీనా యజమాని వెనక వరండా వైపు గడ్డం చూపించాడు. అక్కడ పచ్చ టార్పాలిన్ కొండలా పడి ఉంది. ఆ కొండ మీద తెల్ల గడ్డం, లుంగీ, అరచేతికి తోలుపట్టీ కట్టుకున్న ఒక ముసలాయన కూర్చుని పెద్ద సూదితో కుడుతున్నాడు. ఒకప్పుడు తెరచాపలు కుట్టిన చెయ్యి ఇప్పుడు లారీలకి గుడ్డలు కుడుతోంది. నా లారీ మీద కప్పే గుడ్డ కూడా ఎక్కడో ఇలాంటి చేతిదే అయ్యుంటుంది. ఎన్నిసార్లు దాన్ని తిట్టుకుంటూ మడతపెట్టానో.

"ఏం తాతా, బావున్నావా?" అన్నాను తెలుగులో.

సూది ఆగింది. తలెత్తకుండానే అడిగాడు. "కోరంగి అప్పన్న ఎరికా?"

"మా అయ్య" అన్నాను.

అప్పుడు తలెత్తాడు. నా మొహం చూడలేదు, ముందు నా చెవులు చూశాడు. తర్వాత నవ్వాడు. "ఏ అప్పన్న? మా ఓడ మీద నలుగురు అప్పన్నలు ఉన్నారు లా."

ఆ నలుగుర్నీ లెక్కపెట్టేముందు మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన పేరు కాసిం. తెలుగు మాటలు మాకంటే పాతవి, మాట చివర 'లా' లాంటి మలాయ్ ముక్కలు, మధ్యలో ఓడ హిందుస్తానీ కలిపేవాడు. నేను మా అయ్య ఇక లేడని చెప్పాను. సయాం అన్నాను. కాసిం తోలుపట్టీ విప్పి పక్కన పెట్టాడు. "ఇద్దరం ఒకే రాత్రి ఓడ దిగిపోయినాం" అన్నాడు. "ఆడు తోటకి పోయినాడు. నాను సూది ఒగ్గలేక ఇక్కడే ఉండిపోయినాను. యుద్ధం అయినాక ఒస్తాడనుకున్నాను."

ఆ తర్వాత ఆయనే ఓడ గురించి చెప్పసాగాడు. నా కోసమో, తన కోసమో మరి. నఖుదా, అంటే ఓడ నడిపే పెద్ద, నాగూరు మనిషి. కళాసీలందరి మీదా పెద్ద అయిన సారంగు చిట్టగాంగు వాడు. చుక్కాని పట్టేవాడు మాల్దీవుల వాడు, వాడు నిద్రలో కూడా చుక్కల పేర్లు చెప్పేవాడట. వంటవాడు గోవా వాడు. వడ్రంగి కోరంగి వాడు. కళాసీల్లో సగం మంది భీమిలి నుంచి బారువ దాకా ఉన్న మన ఒడ్డు వాళ్ళు, మిగతా వాళ్ళు మలబారు, బెంగాలు. పినాంగులో ఒక బుగీసు, ఒక మనీలా వాడు ఎక్కారు. తాడు దగ్గర కేకల్లో హాబేస్ అంటే లాగు, ఆరియా అంటే వదులు. ఆ మాటలు ఏ భాషవో ఎవడికీ తెలియదు. పరంగి వాడివి అంటారు. ఎవడిదీ కాని భాష గనక అందరికీ సమానంగా వచ్చిందట.

"తుఫాన్లో సారంగుకి కళ్ళు అక్కర్లేదు బేటా" అన్నాడు కాసిం. "ఎవడు ఏ దేవుణ్ణి పిలస్తన్నాడో ఇని, ఏ తాడు కాడ ఎవడున్నాడో సెప్పేసేవోడు. అప్పన్నలతోనే గోల. 'సిమ్మాద్రప్పన్నా' అని ఒకడు అరిస్తే మిగతా ముగ్గురూ 'ఏటి' అని పలికేవోరు."

మేస్త్రీ కూడా నవ్వాడు. సుంగై సుమున్ దాటాక అదే మొదటిసారి. తర్వాత గొంతు సవరించుకుని అసలు సంగతి అడిగాడు. నలుగురు అప్పన్నల్లో ఈడి అయ్య ఎవరు, ఆయన్ని ఓడ మీద ఏ ఇంటిపేరుతో పిలిచేవారు అని. నేను మా అయ్యకి ఎడమ చెవి తమ్మె చీలి ఉండేదని చెప్పాను.

"అదే కదా నీ సెవులు సూసినాను" అన్నాడు కాసిం. "ఆడా? ఆడు సూరాడ అప్పన్న."

టీ, సముద్రం, రెండూ ఒక్కసారి చల్లబడ్డాయి. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. గెలిచినట్టు లేడు. టార్పాలిన్ మడత మీద మళ్ళీ కూర్చుండిపోయాడు. "అయితే నువ్వు మా అన్న కొడుకువే" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట అనడం ఆయనకీ ఇష్టం లేదు. గౌరి ఆ వేళకి ఎండుకొబ్బరి షెడ్డులో కాయలు చీలుస్తూ ఉంటుంది, గేటు వైపు చూస్తూ ఉంటుంది.

మా ఇద్దరి మొహాలూ చూసి, ఎవరైనా చచ్చిపోయారా అని అడిగాడు కాసిం. మేస్త్రీ విషయం చెప్పాడు. కాసిం మొదట వినలేదనుకున్నాను. తర్వాత గడ్డం అదిరేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"నానూ సూరాడే" అన్నాడు. "సూరాడ కాసింని. మూడేళ్ళు. మా టిండేలు సూరాడోడు. ఆడి కింద తాడు లాగినోళ్ళందరం సూరాడోళ్ళమే. మలబారోడు సూరాడ కుట్టి. ఆ మనీలా వోడు సూరాడ పేద్రో."

టిండేలు అంటే ఓడ మీద కొంతమంది కళాసీలని పని చేయించే పెద్ద. అది విని మేస్త్రీ నోరు తెరిచాడు. ఆయనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మా తోటలో ఆయన కింద పనిచేసే తమిళుడు మునియాండిని ఆఫీసులో సూరాడ మునియాండి అనే పిలుస్తారు. హాజరు రాసే గుమాస్తా ఒకసారి ఒక మలాయ్ కుర్రవాణ్ణి సూరాడ అహ్మద్ అని కేకేశాడు, వాడు పలికాడు కూడా. మేస్త్రీ ఇన్నేళ్ళుగా ఆ పిలుపులు వింటూ మురిసిపోయినవాడే. అదే పద్ధతి ఓడ మీద ఉంటుందని ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

కానీ మేస్త్రీ అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. కాసిం సూరాడ కాదు, సరే. పేద్రో కాదు, సరే. టిండేలు కింద నిజం సూరాడ వాళ్ళూ ఉండి ఉంటారు కదా. అప్పన్న వాళ్ళలో ఒకడు కాదని ఎలా తెలుసు?

కాసిం ఆలోచించాడు. కలకత్తా నుంచి ఓడ కిందికి దిగివచ్చేటప్పుడు, ఎవడి ఊరు ఎదురుగా వస్తే వాడు ఓడ అంచున నిలబడి సముద్రంలోకి కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ అట. చీలిన చెవి అప్పన్న మన ఒడ్డు వాళ్ళందరికంటే ముందు కొట్టేవాడు. మహేంద్రగిరి కొండ నీలంగా కనబడగానే, బారువ ఎదురుగా. టిండేలూ అతని తమ్ముళ్ళూ ఇంకా ఎంతో దూరం దిగి భీమిలి దగ్గర కొట్టేవారు.

మా ఊరు బారువ. ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు అది ఎవరూ చెప్పలేదు. నేను ఆ మాటని రెండుసార్లు లోపల అనుకున్నాను.

"సూరాడోళ్ళు బారువలోనూ ఉన్నారు" అన్నాడు మేస్త్రీ. అని ఊరుకోకుండా, ముందుకి వంగి, నేను ఎప్పటికీ అడగలేని ప్రశ్న ఆయనే అడిగాడు. "ఓడ మీద ఉండగా టిండేలు ఇంట్లో ఎవరైనా పోయినారా?"

ఈ ప్రశ్న విలువ మన వాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటిపేరు వాళ్ళందరికీ మైల. ఎక్కడున్నా సరే, పదో రోజు దాకా పదిమందికీ వండి పెట్టకూడదు. మగవాళ్ళు తల గొరిగించుకోవాలి. నెత్తురు ఒకటైతే తప్పించుకోలేడు. కాకపోతే అంటదు.

కాసిం వెంటనే తలాడించాడు. కాకినాడ ఎదుట లంగరు వేసి ఉండగా పడవ మీద కబురొచ్చిందట, టిండేలు తండ్రి పోయాడని. టిండేలు, ఇద్దరు తమ్ముళ్ళు, ఒక పెదనాన్న కొడుకు, ఆ నలుగురూ గుండ్లు చేయించుకుని ఒక పక్కన కూర్చున్నారు. మన ఒడ్డు వాళ్ళ పొయ్యి దగ్గర వండేది ఆ తమ్ముళ్ళలోనే ఒకడు. ఇక ఎవడు వండాలి? చీలిన చెవి అప్పన్న గరిటె పట్టాడు.

"పది రోజులూ ఆడే వండినాడు" అన్నాడు కాసిం. "టిండేలుకీ ఆడే పెట్టినాడు. అంత అన్నేయమైన సేపల పులుసు నాను మళ్ళీ తినలేదు. ఆ పదిరోజులూ పొయ్యి మార్చి గోవా వోడి కాడ తిన్నాను."

"తల?" అన్నాడు మేస్త్రీ.

"జుట్టు ఇక్కడి దాకా ఉండేది" అని తన భుజం చూపించాడు కాసిం. "నూనె రాసుకుంటానే వండేవోడు. అదే రుచి తేడా."

మేస్త్రీ కళ్ళు మూసుకుని ఆ నాలుగు గుండ్లనీ, ఆ ఒక్క జుట్టునీ చూస్తున్నట్టు కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీ ఇంటిపేరేటో నాకు తెల్దు. నాది కాదు. అది సాలు."

కాసిం మరో టీ చెప్పాడు. ఆ టీలో ఉప్పు పడింది. ఎవరి కళ్ళలోంచి పడిందో నేను చెప్పను.

ఇంతటితో అయిపోలేదు. మేస్త్రీ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ, తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు పిల్లవాడి తరపున చాప మీద ఎవరు కూర్చుంటారని అడిగాడు. నాకు తండ్రి లేడు, తల్లి లేదు, పెదనాన్న లేడు. లారీ యజమానిని పిలుద్దామన్నాను. మేస్త్రీ నా మాట పట్టించుకోలేదు. కాసిం కేసి చూసి, చేతులు కట్టుకుని, మర్యాదగా అన్నాడు. "ఈడి అయ్యని ఎరిగినోడివి ఈ దేశంలో నువ్వొక్కడివే ఉన్నావు. నువ్వు కూకోవాలి, బావా."

కాసిం తోలుపట్టీ మళ్ళీ చేతికి కట్టుకున్నాడు. తను తురకవాణ్ణి అన్నాడు. తెలుసన్నాడు మేస్త్రీ. తన దగ్గర మంచి చొక్కా లేదన్నాడు. కొందామన్నాను నేను. చివరికి అసలు కారణం బయటపెట్టాడు. ఈ ద్వీపంలో దిగాక ఇది దాటి వెళ్ళలేదు. రైలు ఎక్కలేదు. అరేబియా నుంచి జావా దాకా తిరిగిన మనిషి రైలంటే భయపడ్డాడు. ఆ ఇనప బండికి ఎదురుగాలి వస్తే ఎలా వెళ్తుందన్నాడు. నన్ను వెక్కిరిస్తున్నాడో నిజంగా అడుగుతున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. చేతిలో ఉన్న టార్పాలిన్ పూర్తి కావాలన్నాడు. సరేనని నేను ఒక కొస, మేస్త్రీ ఒక కొస పట్టుకుని సాయంత్రం దాకా లాగి పట్టాం. మధ్యాహ్నం కావడి మీద నాసి కందార్ అమ్మేవాడి దగ్గర అన్నం, చేప తిన్నాం. పినాంగు వెళ్తే అది తినకుండా రావద్దు. పులుసు ముదురు ఎరుపు, ధర అరవై సెంట్లు, తిన్నాక చేతికి వాసన మర్నాటి దాకా ఉచితం.

మర్నాడు ఉదయం ఫెర్రీలో కాసిం అంచున నిలబడి గాలి ఎటు వీస్తోందో చూశాడు. మేస్త్రీ ఈసారి కళ్ళు తెరిచే ఉంచి, ఆయన పక్కన నిలబడ్డాడు. ఎనిమిదిన్నరకి ప్రాయ్‌లో బండి కదిలింది. కాసిం కొత్త చొక్కా వేసుకుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. బుకిత్ మెర్తాజాం వచ్చాక ఒక చెయ్యి వదిలాడు. తైపింగ్ వచ్చాక రెండోది. ఆరోజూ అక్కడ వాన పడుతోంది.

దారి పొడుగునా ఊరి సంగతులే మాట్లాడుకున్నాం. ఆయన వదిలి వచ్చిన చిట్టగాంగు అప్పట్లో బెంగాలు, ఇప్పుడది పాకిస్తాను అంటున్నారు. మా అయ్య బారువ మద్రాసు రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఆంధ్ర అంటున్నారు. నేను పుట్టిన సుంగై సుమున్ మూడు వారాల కిందట తెల్లవాడిది, ఇప్పుడు మాది. మనుషులు ఇక్కడే ఉంటే ఊళ్ళే ప్రయాణం చేసినట్టున్నాయి.

ఈపోలో ఒక మలాయ్ మాస్టారు, భార్య ఎక్కారు. ఆయన చొక్కా జేబుకి ఇంకా మెర్దేకా రిబ్బను ఉంది. తెల్లగడ్డం తురకాయన, నామం పెట్టిన మేస్త్రీ, మధ్యలో నేను, మా ముగ్గురినీ చూసి ఆయనకి సహజంగానే కుతూహలం కలిగింది. మీరంతా ఎక్కడివాళ్ళని అడిగాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను కాసిం వైపు చూశాను. భీమిలి అనాలా, బారువ అనాలా, చిట్టగాంగు అనాలా, సుంగై సుమున్ అనాలా. ఒక్కొక్కటీ నిజమే, ఒక్కటీ ముగ్గురికీ సరిపోదు.

కాసిం నిటారుగా కూర్చున్నాడు. మలాయ్‌లో చెప్పాడు, తర్వాత మేస్త్రీకి వినబడేలా తెలుగులోనూ అన్నాడు.

"మేం మొగపెళ్ళోరం. అదిగో, ఆయన ఆడపెళ్ళోరు."

మాస్టారి భార్య నవ్వి, నా మొహం చూసి పెళ్ళికొడుకు ఎవరో కనిపెట్టేసింది. వాళ్ళు దిగేముందు నా చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి వెళ్ళారు. ఈ మూడు రోజుల్లో నాకు పులిహోర తినే టైమిచ్చిన కానిస్టేబుల్, పంపరపనస ఇచ్చిన చీనా ఆవిడ, బిస్కెట్లు ఇచ్చిన మాస్టారు, వీళ్ళెవరి పేరూ నేను అడగలేదు. వాళ్ళూ నా ఇంటిపేరు అడగలేదు. అది తెలియకుండానే అంత పెట్టారు. మా అయ్య పేరుని ఇన్నేళ్ళు రేవులో అడుగుతూ కూర్చున్న మనిషి ఇప్పుడు నా పక్కనే కిటికీలోంచి రబ్బరు చెట్ల వరసలు చూస్తున్నాడు. ఎవరికి ఏ మాటతో దండం పెట్టాలో నాలాంటి వాగుడుకాయకి కూడా తెలియలేదు. అందుకే రాస్తున్నాను.

రెండింటికి తాపా రోడ్‌లో దిగాం. తెలుక్ ఆన్సన్ బండికి ఇంకా గంట ఉంది. నేను కాఫీ తేవడానికి లేచాను. మేస్త్రీ నన్ను భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆడపెళ్ళివారు ఉండగా మగపెళ్ళివారు లేవకూడదట. ప్లాట్‌ఫారం చివరి కొట్టుకి తానే నడిచివెళ్ళి, ముందు చెంబుతో నీళ్ళు తెచ్చి కాసిం కాళ్ళ దగ్గర పెట్టాడు. తర్వాత కాఫీ తెచ్చి, కండువా నడుముకి చుట్టుకుని, రెండు చేతులతో అందించాడు. నలభై మందిని గొంతుతో నడిపించే మనిషి అలా వంగి నిలబడడం నేను చూడలేదు.

కాసిం ఒక గుక్క తాగాడు. ఓడ మీద ఎన్ని పెళ్ళిళ్ళ కబుర్లు విన్నాడో, మగపెళ్ళివారి పనేమిటో ఆయనకి బాగానే తెలుసు.

"సక్కెర సాల్లేదు" అన్నాడు.

మేస్త్రీ మారుమాట లేకుండా గ్లాసు తీసుకుని మళ్ళీ కొట్టు వైపు నడిచాడు.